ఊపిరి గొట్టం మీద కండువా

"రేపటి నుంచి ఈ నగరంలో గాలికి లోటు ఉండదు" అని భూగర్భ వికాస శాఖ మంత్రిగారు ప్రకటించారు. లోటు ఉందన్న సంగతి అప్పటిదాకా ఎవరికీ తెలియదు. ఎవరికీ తెలియని లోట్లను కనిపెట్టి, వాటిని తీరుస్తామని ప్రకటించడంలో మంత్రిగారిది అందె వేసిన చెయ్యి.

ప్రకటన జరిగింది నగరం నడిబొడ్డున, పెద్ద చౌరస్తాలో. ఆ చౌరస్తా కింద, నేల లోపల, ఒక బజారు ఉంది. మెట్లు దిగి వెళితే బట్టలు కుట్టేవాళ్ళూ, గడియారాలు బాగుచేసేవాళ్ళూ, తాళంచెవులు చేసేవాళ్ళూ, చెప్పులకు జిగురు పెట్టేవాళ్ళూ ఒకరి మోచెయ్యి ఒకరికి తగిలేంత దగ్గరగా కూర్చుని ఉంటారు. అంతమందికీ ఊపిరి ఆడాలి కనక, బజారు కట్టిన ఇంజినీర్లు పైన చౌరస్తాలో రెండు సిమెంటు గూళ్ళు లేపారు. నడుమెత్తున ఉంటాయి. పైన ఇనప జాలీ. ఇంజినీర్లు వాటిని వెంటిలేషన్ షాఫ్టులంటారు, కింద కొట్లవాళ్ళు ఊపిరి గొట్టాలంటారు. ఒక గొట్టంలోంచి మంచి గాలి కిందికి దిగుతుంది, రెండో గొట్టంలోంచి వాడేసిన గాలి పైకి పోతుంది. ఏళ్ళ తరబడి అవి ఎవరి మెప్పూ ఆశించకుండా తమ పని తాము చేసుకుపోతున్నాయి.

మంత్రిగారు కారు దిగి చూసి, "నా కోసం వేదిక కట్టించి ఉంచారే!" అని ముచ్చటపడి, వాడేసిన గాలి వచ్చే గొట్టం మీదికి ఎక్కారు.

పక్కనే ఉన్న పీఆర్వోకి అది వేదిక కాదని తెలుసు. రెండో గొట్టం అడుగునే అతని అక్క కుట్టు మిషను కొట్టు. రోజూ మధ్యాహ్నం భోజనం అక్కడే. "సార్, అది..." అని నోరు తెరిచాడు కూడా. అంతలో మంత్రిగారి మెడలోని పట్టు కండువా లేచింది.

లేవడమంటే అలా ఇలా లేవడం కాదు. ఆకు కదలని ఎండలో, చౌరస్తా మొత్తం మీద ఒక్కరి జుట్టు కూడా చెదరని సమయంలో, కండువా రెండు కొసలూ మంత్రిగారి చెవుల పక్కనుంచి ఆకాశానికి లేచి ఫడఫడా కొట్టుకున్నాయి. జనం చప్పట్లు ఆపలేదు. ఫొటోగ్రాఫర్లు నేల మీద పడుకుని మరీ ఫొటోలు తీశారు.

"ఏమిటయ్యా ఇది?" అని మంత్రిగారు పెదవులు కదపకుండా అడిగారు.

కిందవాళ్ళు వదిలిన ఊపిరి అని చెప్పాల్సినవాడు పీఆర్వో. "ప్రజాభిమానం సార్" అన్నాడు.

"కొంచెం చెప్పుల జిగురు వాసన వస్తోంది."

"శ్రామికుల అభిమానం సార్."

పీఆర్వో చెడ్డవాడేం కాదు. ఆ ఉద్యోగం కోసం చెప్పులరిగేలా తిరిగాడు. నోరు జారి పోగొట్టుకునే ఉద్దేశం లేదు, అంతే. ఎవరేం అడిగినా "చూస్తాను" అనడం అతను ఆ ఉద్యోగంలో నేర్చుకున్న మొదటి విద్య. రెండో విద్య అవసరం ఇంతవరకూ రాలేదు.

మర్నాడు పత్రికలన్నిట్లోనూ అదే ఫొటో. పెద్ద భవనంలో అన్నిటికంటే పై అంతస్తులో ఉన్న తన గదిలో మంత్రిగారు ఆ ఫొటోలన్నిటినీ బల్ల మీద పరిచి, చాలాసేపు తనను తాను చూసుకున్నారు.

"గాలి కంటికి కనబడదు. కనబడనిదాన్ని మనం ఇచ్చామని ప్రజలకి ఎలా తెలుస్తుంది?" అన్నారు.

"కండువా వల్ల సార్" అన్నారు కార్యదర్శిగారు. మంత్రిగారి మనసులోకి ఇంకా రాని మాటను ముందుగానే పైకి అనడం కార్యదర్శిగారి ప్రత్యేకత. ఆ ప్రత్యేకతతోనే ఆయన ఎంతోమంది మంత్రుల్ని ఇదే గదిలో స్వాగతించారు, సాగనంపారు.

ఆ సాయంత్రమే ఉత్తర్వు వెలువడింది. నగరంలోని ప్రతి వెంటిలేషన్ షాఫ్టునీ మంత్రిగారి కండువాతో పరీక్షించాలి. కండువా లేస్తే ఆమోదం. లేవకపోతే తిరస్కరణ. ఇంత చిన్న ఉత్తర్వు ఆ శాఖ చరిత్రలో లేదని చదివినవాళ్ళంతా మెచ్చుకున్నారు. చిన్నపిల్లలకి కూడా అర్థమైంది.

మొదటి పరీక్షకి చౌరస్తాలోని రెండో గొట్టాన్ని ఎంచుకున్నారు. అది గాలిని కిందికి తీసుకునే గొట్టం. మంత్రిగారు చిరునవ్వుతో ఎక్కి, ఫొటోగ్రాఫర్ల వైపు గడ్డం ఎత్తారు. కండువా ఒక్కసారిగా కిందికి పడి జాలీకి అతుక్కుపోయింది. కండువా మెడకి చుట్టి ఉంది కనక దాని వెంట మెడ వెళ్ళింది. మెడ వెంట మంత్రిగారు వెళ్ళారు. కాసేపు ఆయన జాలీకి చెంప ఆనించి, పిర్రలు ఆకాశానికి చూపిస్తూ ఉండిపోయారు. మంత్రిగారు ప్రజలకి మోకరిల్లుతున్నారనుకుని జనం జేజేలు కొట్టారు. లేచేసరికి చెంప మీద జాలీ గళ్ళు అచ్చు పడ్డాయి.

"ఈ గొట్టం ఏ పార్టీది?" అన్నారు మంత్రిగారు.

బజారు ఇంజినీరు ముందుకొచ్చాడు. "సార్, ఇది పీల్చుకునే గొట్టం. అది వదిలే గొట్టం. మనిషి కూడా అంతే కదా సార్, పీలుస్తాడు, వదులుతాడు."

"లాక్కునే ప్రభుత్వం కాదయ్యా మాది! ఇచ్చే ప్రభుత్వం. రెండు గొట్టాలూ ఇవ్వాలి."

"రెండూ పైకే ఇస్తే, కింద..."

"తిరస్కరణ అంటే ఏమిటో మీకు తెలుసుగా?" అని కార్యదర్శిగారు ఇంజినీరు భుజం మీద ఆప్యాయంగా చెయ్యి వేశారు.

ఇంజినీరుకి పెళ్ళాం పిల్లలు గుర్తొచ్చారు. గొట్టం పక్కనున్న మీటల పెట్టె తెరిచి, పెద్ద మీటని ఇటునుంచి అటు తిప్పాడు. కింద ఫ్యాన్లు ఒకసారి మూలిగి, ఆగి, వెనక్కి తిరగడం మొదలుపెట్టాయి. మంత్రిగారు మళ్ళీ ఎక్కారు. కండువా లేచింది. "గాలి ఉత్పత్తి రెట్టింపు" అని పీఆర్వో పత్రికలకి ప్రకటన రాశాడు. రాస్తున్నంతసేపూ కింద అక్క కొట్టు గుర్తొస్తూనే ఉంది. అయినా చేతి రాత ఎక్కడా వంకర పోలేదు.

మర్నాడు మధ్యాహ్నం భోజనానికి వెళ్ళేసరికి బజారు మెట్ల మీద అతని కాళ్ళు నిలవలేదు. రెండు గొట్టాలూ గాలిని పైకి తోడేస్తుంటే, లోటు పూడ్చుకోవడానికి బయటి గాలంతా మెట్ల మీదుగా లోపలికి దూసుకొస్తోంది. ఆ గాలితోపాటే చౌరస్తాలోని దుమ్ము, ఎండుటాకులు, టికెట్ ముక్కలు, ఎవరిదో టోపీ, ఆ టోపీ కోసం పరిగెత్తుకొస్తున్న టోపీగలాయన, అందరూ లోపలికొచ్చి పడుతున్నారు. మొదట కాసేపు కొట్లవాళ్ళు సంతోషించారు. బేరమాడే ఉద్దేశం లేనివాళ్ళు కూడా సరాసరి కొట్ల ముందుకొచ్చి ఆగుతుంటే ఎవరికి చేదు? వచ్చినవాళ్ళు ఆ గాలికి ఎదురెక్కలేక అక్కడే ఉండిపోవడంతో చిక్కొచ్చింది.

అక్క మిషను మీద రెండు మోచేతులూ ఆనించి, ఎగిరిపోతున్న జాకెట్టు ముక్కల్ని కడుపుతో అదుముకుని కూర్చుంది. బావ పక్కనే ఇస్త్రీపెట్టెని గుండెలకి హత్తుకుని నిలబడ్డాడు. బరువైన వస్తువేదైనా పట్టుకుంటే తప్ప ఆయన నిలవడం లేదు.

"ఏంట్రా ఇది? కొలతలు తీసుకుందామంటే టేపు నిలవట్లేదు. ఒకావిడకి నడుము కొలవబోతే అది ఆవిడ మెడకి చుట్టుకుంది" అంది అక్క.

"మంత్రిగారు రెండు గొట్టాలూ పైకి పెట్టించారు అక్కా."

"పైకి పెట్టిస్తే మాకు కిందికి ఎక్కడ్నించి వస్తుందిరా గాలి? నువ్వు ఆయన పక్కనే ఉంటావుగా. చెప్పు."

"చూస్తాను అక్కా."

"చూసేది నేను. నువ్వు చెప్పాలి."

బావ ఏదో అందామని నోరు తెరిచాడు. అందులోకి టికెట్ ముక్క దూరింది. ఆయన దాన్ని తీసి చూసి, జేబులో పెట్టుకున్నాడు.

చెప్పడానికి పీఆర్వో నిజంగానే వెళ్ళాడు. కానీ ఈలోగా కండువా పని పెరిగిపోయింది. నగరంలో ఎత్తైన మేడలన్నిటికీ షాఫ్టులు ఉన్నాయి, అన్నిటికీ పరీక్ష కావాలి. మంత్రిగారికి తీరిక లేదు. అందుకని కండువా ఒక్కటే కారులో వెళ్ళి వచ్చేది. ముందొక పోలీసు బండి, వెనకొకటి. వెనక సీట్లో పళ్ళెంలో కండువా. పళ్ళెం కార్యదర్శిగారి ఒళ్ళో. కొన్నాళ్ళకి ఆఫీసు ఫైళ్ళకి కూడా ఇదే సుఖంగా ఉందని తేలింది. మంత్రిగారి బల్ల మీద ఒక కొయ్య నిలబెట్టి, దానికి కండువా కట్టి, ఎదురుగా టేబుల్ ఫ్యాను పెట్టారు. ఫైలు చదివి వినిపిస్తారు. కండువా లేస్తే ఆమోదం. ఫ్యాను రెగ్యులేటరు కార్యదర్శిగారి చేతికి అందేంత దూరంలో ఉండేది.

"సార్, కింద బజారులో గాలి ఇబ్బందిగా ఉంది" అన్నాడు పీఆర్వో, ధైర్యం కూడగట్టుకుని.

"లేదా?"

"ఎక్కువైంది సార్. మెట్ల మీదనుంచి కొట్టేస్తోంది."

"విన్నారా కార్యదర్శిగారూ!" మంత్రిగారి కళ్ళు చెమర్చాయి. "గాలి ఎక్కువైపోయిందని జనం గోలపెట్టే రోజు చూస్తానని నేను కల్లో కూడా అనుకోలేదు."

"రెండో గొట్టాన్ని మళ్ళీ మునుపటిలా తిప్పేస్తే..."

కార్యదర్శిగారి చెయ్యి రెగ్యులేటరు మీదికి వెళ్ళింది. కండువా వాలిపోయింది.

"తిరస్కరించారు" అన్నారు ఆయన.

"ఎవరు?" అన్నారు మంత్రిగారు.

"మీరే సార్."

మంత్రిగారు కండువా వైపు చూశారు. "అవునా? సరే. కారణం ఉండే ఉంటుంది."

ఆ తర్వాత కార్యదర్శిగారే ఒక ఉపాయం చెప్పారు. గాలి మెట్ల మీదనుంచి వస్తోంది కనక, మెట్లకి అద్దాల తలుపులు బిగిస్తే సరి. ఈ ఉపాయానికి కండువా ఎంత జోరుగా లేచిందంటే, పక్కనున్న పీఆర్వో చెంప మీద ఫట్‌మని తగిలింది. అతను దాన్ని మందలింపుగా తీసుకున్నాడు.

తలుపులు మెరిసిపోయే తలుపులు. బయటికి తెరుచుకునేవి. బిగించిన రోజు నుంచీ మెట్ల మీద గాలి మాయమైంది. కింద కూడా మాయమైంది. రెండు గొట్టాలూ ఉన్న కాస్త గాలినీ తోడేస్తుంటే, అద్దాల తలుపులు లోపలి లాగుడుకి చట్రాలకి కరుచుకుపోయాయి. బయటనుంచి ఇద్దరు లాగితే, లోపలనుంచి ఇద్దరు నెడితే, ముక్కుతూ ఒకటి తెరుచుకునేది. ఒక మనిషి దూరగానే మళ్ళీ ధబేల్‌మని మూసుకునేది.

బజారంతా ఆవులింతలు. గడియారాలాయన కంటికి భూతద్దంతోనే నిద్రపోయేవాడు. చొక్కా కొలతలకి చేతులు చాపిన ఖాతాదారు చేతులు చాపుకునే గురక పెట్టేవాడు. బావ ఏదో ఒక తలుపుకి వీపు ఆనించి, అక్కడే కునికేవాడు. రాత్రి తొందరగా పడుకోవడం లేదని మొదట్లో అక్క ఆయన్నే తిట్టింది. తర్వాత ఆవిడకీ ఆవులింతలు మొదలయ్యాయి.

ఒకరోజు పీఆర్వో వెళ్ళేసరికి అక్క భోజనం డబ్బా తెరవలేదు. మిషను మీద చేతులు పెట్టుకుని ఊరికే కూర్చుంది.

"పొద్దున్న తాళంచెవుల ముసలాయన కళ్ళు తిరిగి పడిపోయాడు. తలుపు రాదు. ఎనిమిదిమందిమి లాగి, నెట్టి, ఆయన్ని పైకి మోసుకెళ్ళాం. పైన నాలుగు ఊపిర్లు తీసుకున్నాక కళ్ళు తెరిచాడు. ఇంకాస్త ఆలస్యమైతే తెరిచేవాడు కాదు. నవ్వులాట కాదురా."

పీఆర్వోకి సిగ్గేసింది, భయమూ వేసింది. ఆ ముసలాయన అతనికి చిన్నప్పుడు తాళంచెవులతో ఆడుకోనిచ్చిన మనిషి.

"చూస్తాను అక్కా" అన్నాడు, ఆ మాట తప్ప మరొకటి రాక.

"ఇంక చూడకు. మాకు గాలి వచ్చేదాకా నా కొట్టు గడప తొక్కకు. తలుపు దగ్గర బజ్జున్న మీ బావని చూసైనా బుద్ధి తెచ్చుకో" అని డబ్బా మూత గట్టిగా నొక్కేసింది.

ఆ మధ్యాహ్నం నుంచి అతనికి భోజనం లేదు. ఆఫీసు క్యాంటీన్లో తిన్నది లెక్కలోకి రాదు.

సరిగ్గా ఆ వారమే మంత్రిగారు ఊపిరి దినోత్సవం ప్రకటించారు. ముందు బజారులోకి దిగి ప్రజలతో మమేకమవుతారు. తర్వాత పైకొచ్చి, ఒకప్పుడు తనని అవమానించిన రెండో గొట్టం మీదే నిలబడి ప్రసంగిస్తారు, అర్జీలు స్వీకరిస్తారు. కండువా ఇంతకు ముందెన్నడూ లేవనంత ఎత్తు లేవాలని కార్యదర్శిగారు ఫ్యాన్లన్నీ ఫుల్ స్పీడులో పెట్టించారు. గొట్టం మీద మైకు నిలబెట్టారు. చౌరస్తా నిండా జనం.

కిందికి ఒక్క పీఆర్వోని మాత్రమే వెంట తీసుకెళ్ళారు మంత్రిగారు. నలుగురు పోలీసులు తలుపు లాగి పట్టుకుంటే ఇద్దరూ దూరారు. వెనక తలుపు మూసుకున్న చప్పుడుకి బావ ఉలిక్కిపడి కళ్ళు తెరిచి, మంత్రిగారిని చూసి, కలేమోననుకుని మళ్ళీ మూసుకున్నాడు.

"ఎంత ప్రశాంతంగా ఉన్నారయ్యా ప్రజలు!" అన్నారు మంత్రిగారు, నిద్రపోతున్న కొట్ల మధ్య నడుస్తూ. "మా క్యాబినెట్ మీటింగులో కూడా ఇంత ప్రశాంతత..." అని ఆవులించారు. మళ్ళీ ఆవులించారు. "ఇక పైకి పోదాం."

తలుపు రాలేదు. పీఆర్వో నెట్టాడు. ఇద్దరూ కలిసి నెట్టారు. కొట్లవాళ్ళు లేచొచ్చి నెట్టారు. ఫుల్ స్పీడు ముందు ఎవరి బలమూ చాల్లేదు. పైనున్న పోలీసులు మంత్రిగారు ఎదురుగా లేరు కదా అని బ్యాండు మేళం దగ్గరికి వెళ్ళిపోయారు. నేల కింద ఫోన్లు పనిచెయ్యవు. "తెరుచుకో! ఇది నా ఆదేశం!" అని మంత్రిగారు తలుపుతో అన్నారు. వాగ్దానాలకి పొంగిపోయే స్వభావం లేని తలుపు అది, ఆదేశాలకి కూడా లొంగలేదు.

మంత్రిగారి నుదుట చెమట పట్టింది. చొక్కా పై గుండీ విప్పుకున్నారు. "పీఆర్వో, నాకు ఊపిరాడటం లేదేమిటయ్యా?"

అక్క చూస్తోంది. తాళంచెవుల ముసలాయన చూస్తున్నాడు. పీఆర్వో కళ్ళు మూసుకుని చెప్పేశాడు. "గాలి లేదు సార్. రెండు గొట్టాలూ తోడేస్తున్నాయి. తలుపులు పెట్టాక వచ్చే దారి కూడా లేదు."

"అంతా ఎక్కడికి పోతోంది?"

"పైకి సార్."

"పైకి పోయి ఏం చేస్తోంది?"

"మీ కండువాని లేపుతోంది సార్."

మంత్రిగారు కాసేపు ఆలోచించారు. ఆయన ఆలోచించగా చూడడం పీఆర్వోకి అదే మొదటిసారి.

"మరి ఈ సంగతి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"చూస్తూనే ఉన్నాను సార్."

"ఇప్పుడు మీ ఇద్దరి ముచ్చట్లు వినే ఓపిక మాకు లేదు" అంటూ అక్క లేచింది. ఆమె కొట్టు పక్కనే గొట్టం గోడకి, ఫ్యాను కంటే పైన, శుభ్రం చేసేవాళ్ళ కోసం పెట్టిన చిన్న ఇనప తలుపు ఉంది. గోడ చల్లగా ఉండే రోజుల్లో బావ దాని పక్కనే మంచినీళ్ళ సీసా పెట్టుకునేవాడు. "దీన్లోంచి ఏదైనా పైకి పంపిస్తే, కింద మనం చిక్కుకున్నామని పైవాళ్ళకి తెలుస్తుంది. సార్, ఆ కండువా ఇలా ఇవ్వండి. మీరు లేకుండా కండువా ఒక్కటే వచ్చిందంటే పరిగెత్తుకొస్తారు."

మంత్రిగారు కండువాని రెండు చేతులా పట్టుకున్నారు. "ఇది తీసేస్తే నేను..."

"ఊపిరి కావాలా, కండువా కావాలా?"

జవాబు కోసం బజారంతా చాలాసేపు ఎదురుచూసింది. చివరికి ఆవిడే లాక్కుంది.

ఇనప తలుపు గొళ్ళెం తీయగానే గాలి ధడాల్‌మని దాన్ని గోడకేసి కొట్టింది. కండువా గొట్టంలోకి అందించారు. అది పాములా మెలి తిరిగి పైకి పోయింది. తలుపు మళ్ళీ మూద్దామంటే ఆ గాలికి మూతపడలేదు. అలాగే వదిలేసి, అందరూ గొట్టంలోకి చెవులు పెట్టారు.

ముందు జనం ఒక్కసారిగా అరిచిన చప్పుడు వినబడింది. "చూశారు! చూశారు!" అని అక్క చప్పట్లు కొట్టింది. తర్వాత మైకులోంచి కార్యదర్శిగారి గొంతు గంభీరంగా దిగింది.

"ప్రియమైన ప్రజలారా! మంత్రిగారు విచ్చేశారు!"

కింద అందరూ మొహాలు చూసుకున్నారు.

"ఎవరు విచ్చేశారు?" అన్నారు మంత్రిగారు.

"ఇప్పుడు మంత్రిగారు ప్రసంగిస్తారు" అంది గొంతు. జాలీ గళ్ళలోంచి ఏదో లాగి, మైకు కొయ్యకి కడుతున్న చప్పుడు. ఆ తర్వాత చౌరస్తా అదిరేలా లౌడ్ స్పీకర్లలోంచి ఫడఫడ... ఫడఫడఫడ... చప్పట్లు. ఫడఫడ. ఇంకా పెద్ద చప్పట్లు. ఈలలు.

మంత్రిగారు తల ఒక పక్కకి వంచి విన్నారు. "బాగా మాట్లాడుతున్నాడు. సూటిగా ఉంది" అన్నారు, కొంచెం అసూయగా. "ప్రసంగం నువ్వు రాశావా?"

"లేదు సార్."

"ఇక మంత్రిగారు మీ అర్జీలు స్వీకరిస్తారు. వరసలో రండి. మంత్రిగారి కండువా లేస్తే ఆమోదం!"

ఆ మాట వినగానే అక్క మొహంలో నిద్ర వదిలిపోయింది. అదే క్షణంలో వెనకనుంచి పెద్ద చప్పుడైంది. గొట్టం పక్క తలుపు తెరిచి ఉండడంతో, పైకి పోవలసిన గాలిలో సగం తిరిగి బజారులోకే వచ్చేస్తోంది. మెట్ల తలుపు పట్టు సడలింది. దానికి వీపు ఆనించి నిద్రపోతున్న బావ తలుపుతో సహా బయటికి వెల్లకిలా పడ్డాడు.

"గాలొచ్చింది" అన్నాడు ఆయన, పడినచోటనుంచే. ఎన్నో రోజుల తర్వాత ఆయన అన్న పూర్తి మాట అది.

జనమంతా ఆయన్ని దాటుకుని పైకి పరిగెత్తారు. అక్క అందరికంటే ముందు. మంత్రిగారు చొక్కా గుండీ పెట్టుకుంటూ వేదిక వైపు నడిచారు. వేదిక చుట్టూ కట్టిన తాడు దగ్గర పోలీసు ఆపాడు.

"ఎక్కడికండీ?"

"వేదిక మీదికి. నేను మంత్రిని."

పోలీసు ఆయన మెడ వైపు చూశాడు. అక్కడ ఏమీ లేదు. "మంత్రిగారు ప్రసంగం ముగించి అర్జీలు తీసుకుంటున్నారు, కనబడటం లేదా? మీకేమైనా చెప్పుకునేది ఉంటే వరసలో నిలబడండి."

మంత్రిగారు వేదిక వైపు చూశారు. మైకు కొయ్యకి కట్టిన కండువా, కింద తలుపు తెరిచి ఉండడంతో జోరు కొంచెం తగ్గినా, ఇంకా హుందాగా ఎగురుతూనే ఉంది. ఆయన వెళ్ళి వరసలో అక్క వెనక నిలబడ్డారు. పీఆర్వో ఆయన పక్కన నిలబడ్డాడు. ఎవరి పక్కన నిలబడ్డాడో అతనికే సరిగ్గా తెలియలేదు.

వరస చురుగ్గా కదిలింది. ఒకాయన తన వీధికి దీపాలు అడిగాడు. కండువా లేచే ఉంది కనక ఆమోదం. పక్కింటాయన ఆ దీపాలు వద్దన్నాడు. అదీ ఆమోదం. ఇంత ఉదారమైన మంత్రిని చూడలేదని ఒక ముసలావిడ కండువాకి దిష్టి తీసినంత పని చేసింది.

అక్క వంతు వచ్చింది.

"ఈ గొట్టాన్ని మళ్ళీ మునుపటిలా తిప్పండి. గాలి కిందికి రావాలి. మా బజారుకి ఊపిరాడాలి" అంది, ఎవరి వైపూ కాక సూటిగా కండువా వైపు చూస్తూ.

కార్యదర్శిగారు మొదటిసారి తడబడ్డారు. ఆయన చెయ్యి అలవాటుగా పక్కకి వెళ్ళింది. అక్కడ రెగ్యులేటరు లేదు. కండువా ఫడఫడలాడింది. చౌరస్తా అంతా చూసింది.

"ఆమోదించారు" అన్నారు ఆయన, గొంతు సవరించుకుని.

ఆయన ఆ మాట పూర్తిచెయ్యక ముందే ఇంజినీరు మీటల పెట్టె తెరిచి, పెద్ద మీటని రెండు చేతులా అటునుంచి ఇటు తిప్పేశాడు. అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కింద ఫ్యాన్లు మూలిగి, ఆగి, మళ్ళీ సరైన దిక్కుకి తిరిగాయి. కండువా ఒకసారి వణికి, మైకు కొయ్య మీదికి వాలి, దానికి తడిబట్టలా అతుక్కుపోయింది. అక్క మెట్ల దగ్గరికి వెళ్ళి, కిందికి వంగి, "వస్తోందా?" అని కేకేసింది. "చల్లగా వస్తోంది!" అని కిందనుంచి బావ గొంతు వినబడింది. అక్క అక్కడే మెట్టు మీద కూర్చుని కొంగుతో మొహం తుడుచుకుంది.

"తర్వాత?" అన్నారు కార్యదర్శిగారు.

మంత్రిగారు ముందుకొచ్చి నిలబడ్డారు. "నేను మంత్రిని. నన్ను వేదిక ఎక్కనివ్వాలి."

కార్యదర్శిగారు ఆయన్ని ఎగాదిగా చూశారు. గుర్తుపట్టారో లేదో చెప్పడం కష్టం. ఉద్యోగంలో ఆయన మొహం ఎప్పుడూ అలాగే ఉంటుంది. తర్వాత వినయంగా కండువా వైపు తిరిగారు. అందరూ తిరిగారు. మంత్రిగారు కూడా తిరిగి, ఆశగా చూశారు.

కండువా కదల్లేదు.

"తిరస్కరించారు. తర్వాత?"

మంత్రిగారు పీఆర్వో చెయ్యి పట్టుకున్నారు. "ఏమయ్యా, నేనెవరో నువ్వైనా వీళ్ళకి చెప్పు."

పీఆర్వో కండువా వైపు చూశాడు. కార్యదర్శిగారి వైపు చూశాడు. మెట్ల మీదనుంచి అక్క పిలుస్తోంది. "ఒరేయ్, రా. అన్నం చల్లారిపోతోంది."

"చూస్తాను సార్" అని అతను చెయ్యి విడిపించుకుని, మెట్లు దిగాడు.